కరణం కర్త అయినప్పుడు: పాఠ పరిష్కరణలో లిపిచిహ్నాల లోపం – నైతిక బాధ్యత

వ్యాససంగ్రహం

ప్రాచీన తెలుగు పాఠాలను వర్డ్ ప్రాసెసర్‌లో ఎక్కించేటప్పుడు అరసున్న, శకటరేఫ, దంత్య చ-జలు, నకారపొల్లు, అవగ్రహం వంటి చిహ్నాలు జారిపోతుంటాయి. దీనిని సాధారణంగా సాంకేతికమైన ఇబ్బందిగానే భావిస్తారు. ఇందులో ఒక నైతిక ప్రశ్న ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చిహ్నాన్ని విడిచిపెట్టడం దానంతట అది దోషం కాదనీ, విడిచిన సంగతి చెప్పకపోవడమే దోషమనీ, ఆ దోషానికి బాధ్యత యంత్రానిది గానీ టైపు చేసినవారిది గానీ కాక పరిష్కర్తదేననీ నిరూపించడం దీని లక్ష్యం. ఇందుకు వ్యాకరణంలోని కర్తృ-కరణ వివేకాన్నీ, మీమాంసకులు చెప్పిన అనుపలబ్ధి ప్రమాణాన్నీ ఆధారంగా గ్రహించడమైనది.

కీలకపదాలు: పాఠ పరిష్కరణ, అరసున్న, శకటరేఫ, యూనికోడ్, కర్త, కరణం, అనుపలబ్ధి.

1. ఉపోద్ఘాతం

వంద సంవత్సరాల కిందటి ముద్రణ ఆధారంగా ఒక కావ్యాన్ని పునర్ముద్రించే సందర్భాన్ని ఊహించవచ్చు. మూలప్రతిలో ‘నాఁడు’ అని ఉన్నది. టైపు చేసిన ప్రతిలో ‘నాడు’ అని వచ్చింది. ప్రూఫులు దిద్దినవారి కంటికి అది తప్పుగా కనిపించలేదు. నేటి వాడుకలో ఆ మాటను అట్లాగే రాస్తారు. పరిష్కర్త పీఠికలో కవి కాలాన్ని, ప్రతుల చరిత్రను, ఛందోవిశేషాలను వివరించాడు. అరసున్నల ప్రసక్తి తేలేదు. గ్రంథం వెలువడింది. అందులోని అరసున్నలన్నీ పోయాయి. వాటిని తొలగించాలని మాత్రం ఎవరూ, ఎప్పుడూ నిర్ణయించలేదు.

ఈ చివరి అంశమే ఆలోచించదగినది. పాఠంలో మార్పు జరిగింది. మార్చినవారెవరని అడిగితే సమాధానం లేదు. టైపు చేసినవారు కీబోర్డును చూపుతారు. పరిష్కర్త టైపు చేసినవారిని చూపుతాడు. ప్రచురణకర్త ఖర్చును, గడువును చూపుతాడు. ఇట్లా చేతులు మారుతూ పోయి బాధ్యత చివరికి ఎవరి దగ్గరా నిలవదు. కర్త లేని క్రియ ఉండదని వ్యాకరణం చెబుతుంది. మరి ఈ క్రియకు కర్త ఎవరు?

నిజానికి ఈ చిహ్నాలు యంత్రంలో లేనివి కావు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లో అరసున్నకు 0సి01, శకటరేఫకు 0సి31 తొలినుంచీ ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్ మీటతో కలిపి ఎక్స్ మీట నొక్కితే అరసున్న వస్తుంది. వర్డ్‌లో 0సి01 సంఖ్యను కొట్టి ఆల్ట్, ఎక్స్ మీటలను కలిపి నొక్కినా వస్తుంది. గుర్తుల పట్టిక తెరిచి ఎంచుకోవడం మరో మార్గం. ఇవన్నీ మామూలు అక్షరం కంటె ఒక అడుగు ఎక్కువ శ్రమను కోరుతాయి. ఒక పద్యానికి నాలుగైదు అరసున్నలున్నా వేయి పద్యాల గ్రంథంలో ఆ అడుగు వేల సార్లు వేయవలసి ఉంటుంది. పాఠం మారిపోయేది అక్కడే.

2. చిహ్నాలు నిర్వహించే పని

అరసున్నను, బండి ఱను అలంకారప్రాయంగా భావించేవారున్నారు. ప్రాచీన పాఠంలో వాటి ప్రయోజనం మూడు విధాలుగా కనిపిస్తుంది.

మొదటిది అర్థభేదం. ‘ఏడు’ సంఖ్య, ‘ఏఁడు’ సంవత్సరం. ‘నాడు’ దేశం, ‘నాఁడు’ దినం. ‘నీరు’ జలం, ‘నీఱు’ బూడిద. ‘వేరు’ చెట్టుకు ఉండేది, ‘వేఱు’ భిన్నమైనది. ‘ఏరు’ అనేది ఏరుకొనే క్రియ, ‘ఏఱు’ ప్రవహించేది. ఈ భేదాలు వ్యాకర్తలు కల్పించినవి కావు. తమిళంలో సంవత్సరానికి ‘ఆండు’ అనే మాటలో అనునాసికం నేటికీ నిండుగా ఉన్నది. ఏడు అనే సంఖ్యకు అక్కడ ‘ఏఴు’ అంటారు. చెట్టు వేరుకు ‘వేర్’, భిన్నమనే అర్థంలో ‘వేఱు’ అని తమిళం రెండు రకారాలనూ వేరువేరుగానే నిలుపుకొన్నది. అంత దూరం పోకుండానే తెలంగాణ వాడుకలోని ‘మూడేండ్లు’, ‘పదేండ్లు’ అనే మాటల్లో ఏఁడులోని అరసున్న నిండుసున్నగా వినిపిస్తున్నది. కాబట్టి అరసున్న ఒక ధ్వని చరిత్రకు సాక్ష్యం.

రెండవది వ్యాకరణకార్యం. ‘వచ్చెను’, ‘చెలి’ అనే పదాలు కలిసినప్పుడు ‘వచ్చెఁ జెలి’ అవుతుంది. ద్రుతం మీది పరుషం సరళమైనదని చెప్పడానికి అక్కడ మిగిలిన గుర్తు అరసున్న. అది పోయి ‘వచ్చె జెలి’ అని మిగిలితే చకారం జకారం ఎందుకైనదో పాఠకుడికి తెలియదు. సంధికి కారణం మాయమై కార్యం మాత్రమే మిగులుతుంది. విద్యార్థి ‘జెలి’ అనే పదాన్ని నిఘంటువులో వెతికే దుస్థితి ఇట్లా ఏర్పడుతుంది.

మూడవది ఛందస్సు. ‘అతఁడు’ అన్నప్పుడు మూడూ లఘువులు, నగణం. ‘అతండు’ అన్నప్పుడు నడుమ గురువు; జగణం. అరసున్నకు బదులు నిండుసున్న పడితే గణం చెడుతుంది. ప్రాసస్థానంలో అరసున్న ఉన్న అక్షరానికీ లేని అక్షరానికీ మైత్రి కూర్చితే దానిని లాక్షణికులు ఖండాఖండప్రాసమని గుర్తించారు. యతిప్రాసల్లో సాధురేఫ, శకటరేఫల సాంకర్యం పెద్ద చర్చలకు దారితీసింది. చిహ్నాలన్నీ తొలగిన ప్రతిలో ఇటువంటి చర్చకు ఆధారమే ఉండదు.

ఈ పనులకు తోడు కాలనిర్ణయం ఉన్నది. మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించిన నన్నెచోడుని కుమారసంభవం విషయంలో కవి కాలాన్ని గురించి సాగిన వాదోపవాదాల్లో భాషాలక్షణాలు, ఛందోలక్షణాలు ముఖ్యమైన సాక్ష్యాలుగా నిలిచాయి. ఒక రేఫను ఏ కవి ఎట్లా ప్రయోగించాడనే దానిపై ఆధారపడి వాదం నడిచే రంగంలో, ఆ రేఫను తన ఇష్టం వచ్చినట్లు మార్చిన ప్రతి సాక్షిగా పనికిరాదు.

3. లోపం – మూడు రూపాలు

టైపు చేసిన పాఠాల్లో చిహ్నాలు చెడే తీరు ఒకే విధంగా ఉండదు. నైతికదృష్టితో చూసినప్పుడు మూడు రూపాలను వేరుచేయడం అవసరం.

మొదటి రూపం వర్జనం, చిహ్నాన్ని విడిచిపెట్టడం. ‘నాఁడు’ను ‘నాడు’గా, ‘నీఱు’ను ‘నీరు’గా టైపు చేయడం ఇటువంటిది. శకటరేఫ విషయంలో వర్జనం నిజానికి మరో అక్షరాన్ని నిలపడమే. అందువల్ల అక్కడ బూడిద జలమైనా వాక్యం పైకి నిర్దోషంగానే కనిపిస్తుంది.

రెండవ రూపం ప్రతినిధానం. ఒక చిహ్నం స్థానంలో చూడటానికి అటువంటిదే అయిన మరొక దానిని ఉంచడం. అవగ్రహానికి బదులు ఇంగ్లీషు ఎస్ అక్షరం, నకారపొల్లుకు బదులు ఆకారంలో పోలిక ఉన్న తొమ్మిది అంకె ‘౯’, గురులఘువులకు ఇంగ్లీషు యు, ఐ అక్షరాలు పడటం ఈ కోవలోనివి. కాగితంమీద ఇవి కంటిని తృప్తిపరుస్తాయి. వర్డ్ ప్రాసెసర్‌లోని అక్షరానికి మాత్రం రెండు ముఖాలున్నాయి: కంటికి కనిపించే ఆకృతి ఒకటి, యంత్రం దాచుకొనే సంకేతసంఖ్య రెండవది. అచ్చుకూటంలోని సీసపు అక్షరానికి ఈ రెండో ముఖం లేదు. ప్రతినిధానంలో ఆకృతి సరిగానే ఉంటుంది, సంకేతం వేరొకటి చెబుతుంది. ఆ పాఠాన్ని వెతికినా, అకారాదిక్రమంలో పేర్చినా, పదసూచికకు ఎక్కించినా ఆ సంగతి బయటపడుతుంది. తెలుగు పదం మధ్యలో అంకె వచ్చి కూర్చుంటుంది.

పాత డీటీపీ ఫాంట్లలో ఈ స్థితి మరింత తీవ్రంగా ఉండేది. వాటిలో తెలుగు అక్షరాల ఆకృతులన్నీ ఇంగ్లీషు అక్షరాల సంకేతస్థానాల్లోనే అమర్చినవి. ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు మార్పిడి పట్టికలో లేని చిహ్నం రాలిపోతుంది, లేదా వేరొక అక్షరంగా మారుతుంది. మొదట టైపు చేసినవారు శ్రద్ధగా పెట్టిన అరసున్న కూడా ఈ రెండో మజిలీలో పోవచ్చు.

మూడవ రూపం అవ్యవస్థ. మొదటి ఆశ్వాసంలో అరసున్నలుంటాయి. రెండో ఆశ్వాసంలో సగం ఉంటాయి. మూడో ఆశ్వాసంలో ఉండవు. టైపు చేసినవారు మారడం, గడువు దగ్గరపడటం, ప్రూఫులు దిద్దినవారి ఓపిక తగ్గడం ఇందుకు కారణాలు. పైకి చూస్తే కొన్నయినా మిగిలాయి గనుక ఈ ప్రతి పూర్తిగా విడిచిన ప్రతికంటె మేలైనదనిపిస్తుంది. ఈ అభిప్రాయం సరైనది కాదని అయిదో విభాగంలో నిరూపించడం జరుగుతుంది.

4. కర్త, కరణం, ప్రేరకుడు

సంస్కృత వ్యాకరణ సంప్రదాయం క్రియలో స్వతంత్రుడైనవాడిని కర్త అంటుంది. క్రియాసిద్ధికి మిక్కిలి ఉపకరించే దానిని కరణమంటుంది. గొడ్డలితో చెట్టు నరికినప్పుడు గొడ్డలి కరణం. గొడ్డలికి పదును లేకపోతే పని కుంటుపడవచ్చు. ఏ చెట్టును నరకాలనే నిర్ణయం మాత్రం గొడ్డలిది కాదు. వాక్యంలో ‘గొడ్డలి బాగా నరుకుతుంది’ అని కరణాన్ని కర్తగా చెప్పే వాడుకనూ వ్యాకర్తలు అంగీకరించారు. అది చెప్పేవాడి వివక్ష. వివక్షవల్ల వాక్యంలో గొడ్డలి కర్త కావచ్చు గాని, నరికిన చెట్టుకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తే గొడ్డలిని నిలబెట్టడం కుదరదు.

‘కంప్యూటర్‌లో అరసున్న రాలేదు’ అనే వాక్యం సరిగ్గా ఈ వివక్షకు ఉదాహరణ. ఇందులో కరణం కర్త స్థానంలోకి వచ్చి కూర్చున్నది. వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టం, నీతిరీత్యా అసంపూర్ణం. రాలేదన్న మాట వెనుక ‘రప్పించలేదు’ అనే మాట దాగి ఉన్నది.

రాయించేవాడికీ రాసేవాడికీ ఉన్న భేదాన్ని తెలుగు క్రియారూపమే స్పష్టంగా చూపుతుంది. ‘రాయు’కు ప్రేరణార్థకం ‘రాయించు’, ‘చేయు’కు ‘చేయించు’. పరిష్కర్త టైపు చేయించినవాడు. ప్రేరణక్రియలో ఇద్దరు కర్తలుంటారు. ఫలితానికి జవాబు చెప్పవలసినవాడు ప్రేరకుడు. పుటకు ఇంత అనే కూలికి పనిచేసే డీటీపీ కార్మికుడికి ఒక్కో అరసున్నకు అదనపు శ్రమ ఉన్నది, అదనపు వేతనం లేదు. అతనికి ఆ చిహ్నం విలువ ఎవరూ చెప్పలేదు, దానిని తప్పక పెట్టాలని నియమించలేదు, పెట్టకపోతే గుర్తించలేదు. అటువంటివాడిని నిందించడం అన్యాయం. ఆ చిహ్నం విలువ తెలిసినవాడు, దాని లోపం కనిపెట్టగలిగినవాడు, దానిని గూర్చి పీఠికలో చెప్పే అవకాశం ఉన్నవాడు పరిష్కర్త ఒక్కడే. జ్ఞానం, శక్తి, అవకాశం మూడూ కూడిన చోటే బాధ్యత నిలుస్తుంది.

19వ శతాబ్ది పూర్వార్ధంలో సి.పి. బ్రౌన్ పండితులచేత ప్రతులు రాయించి, ఒకదానితో ఒకటి పోల్పించి పాఠాలు సిద్ధం చేయించాడు. లేఖకుడి చేతిలో తప్పులు దొర్లుతాయని తెలిసే పోల్చి చూసే ఏర్పాటు జరిగింది. వర్డ్ ప్రాసెసర్ వచ్చాక లేఖకుడు మాత్రం మారాడు. పోల్చి చూడటమనే విధి మారలేదు. తెరమీద అక్షరాలు తీర్చిదిద్దినట్లు కనిపించడంవల్ల ఆ విధి అవసరం లేదన్న భ్రమ మాత్రం పెరిగింది.

5. లేమి ఎప్పుడు సాక్ష్యమవుతుంది?

చిహ్నాల లోపంవల్ల కలిగే అసలైన హానిని గుర్తించడానికి అనుపలబ్ధి విచారం తోడ్పడుతుంది. భాట్టమీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. నేలమీద కుండ కనిపించకపోవడంవల్ల అక్కడ కుండ లేదని తెలుస్తుంది. అయితే కనిపించకపోవడం ఎల్లవేళలా లేమికి ప్రమాణం కాదు. ఉండి ఉంటే తప్పక కనిపించేదే అయి ఉండాలి. వెలుతురున్న గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదనవచ్చు. చీకటి గదిలో కనిపించకపోతే ఏమీ చెప్పలేము. దీనినే యోగ్యానుపలబ్ధి అంటారు.

పాఠ పరిష్కరణకు ఈ నియమం నేరుగా వర్తిస్తుంది. ఒక ముద్రణలో ‘నాడు’ అని ఉన్నది. అరసున్న కనిపించలేదు. దీనినిబట్టి కవి దేశాన్నే ఉద్దేశించాడని చెప్పవచ్చునా? ఆ ప్రతిలో అరసున్న అవసరమైన ప్రతిచోటా దానిని ఉంచారని తెలిస్తే చెప్పవచ్చు. అది వెలుతురున్న గది. ఆ ప్రతిలో అరసున్నలన్నీ తొలగించామని పరిష్కర్త ప్రకటించి ఉంటే చెప్పకూడదు. అది చీకటి గది, చీకటి అని తెలిసిన గది. పాఠకుడు సందర్భాన్ని బట్టి అర్థం చెప్పుకొంటాడు. అవసరమైతే మూలప్రతిని వెతుక్కొంటాడు. ఈ రెండు స్థితుల్లోనూ అతనికి మోసం జరగలేదు.

కొన్నిచోట్ల ఉండి, కొన్నిచోట్ల పోయి, ఆ సంగతి చెప్పని ప్రతి ఈ రెంటికీ చెందదు. అక్కడ దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఎప్పుడు ఆరిందో పాఠకుడికి తెలియదు. మొదటి పుటల్లో అరసున్నలు చూసి ఈ ప్రతి వాటిని పాటిస్తున్నదని నమ్ముతాడు. ఆ నమ్మకంతోనే తరువాతి పుటల్లోని లేమిని సాక్ష్యంగా స్వీకరిస్తాడు. అందుచేత అవ్యవస్థ వర్జనంకంటె ఎక్కువ హాని చేస్తుంది. మిగిలిన ప్రతి అరసున్నా, పోయినచోట్ల జరిగే తప్పుడు ఊహకు హామీపత్రంగా నిలుస్తుంది.

ఈ హాని ఊహామాత్రం కాదు. నేడు పరిశోధకులు గ్రంథాలను పుట పుటా తిరగేయడంతోపాటు యంత్రంచేత వెతికిస్తున్నారు. ఒక కావ్యంలో శకటరేఫ ఎన్నిసార్లు వచ్చింది, ఏయే స్థానాల్లో సాధురేఫతో కలిసిపోయింది అనే లెక్క క్షణంలో వస్తుంది. ఆ లెక్క కవి భాషకు చెందినదా, టైపు చేసినవారి అలవాటుకు చెందినదా అనేది లెక్కలో కనిపించదు. దానిపై ఆధారపడి ఒక సిద్ధాంతవ్యాసం వెలువడితే, ఆ వ్యాసాన్ని మరొకరు ఉదాహరిస్తే, పదిహేనో శతాబ్దపు కవికి ఇరవయ్యొకటో శతాబ్దపు కీబోర్డు లక్షణాలు అంటుకొంటాయి. మొదటి ప్రతిలోని మౌనం మూడో వ్యాసంలో వాస్తవంగా మారుతుంది. పరిశోధకుడు చేసిన తప్పేమీ లేదు. అతడు ముద్రితపాఠాన్ని నమ్మాడు. ఆ నమ్మకమే ఇక్కడ భంగపడినది.

6. పూర్వపక్షాలు

ఈ ప్రతిపాదనకు మూడు బలమైన ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది వ్యావహారిక దృష్టి. నేటి తెలుగువారి ఉచ్చారణలో రకార ఱకారాల భేదం లేదు. అరసున్న సామాన్యంగా వినిపించదు. భాషను పాఠకులకు చేరువ చేయడానికి గిడుగు రామమూర్తి (1863–1940) మొదలైనవారు జీవితాలు ధారపోసిన తరువాత, ఈ చిహ్నాలను మళ్లీ తలకెత్తుకోవడం తిరోగమనం కాదా? ఈ ఆక్షేపణలో సగం న్యాయమున్నది. నేటి రచనలో వాటిని పాటించనక్కరలేదు. విద్యార్థులకోసం తయారుచేసే ప్రతిలో వాటిని తొలగించడం సమంజసమే. అయితే గిడుగు వాదానికి పునాది పాఠనిష్ఠే. లక్షణగ్రంథాలు ఏమి చెప్పినా, పూర్వులు వాస్తవంగా ఎట్లా రాశారో చూడాలని ఆయన పట్టుపట్టాడు. పాతప్రతుల్లోని వ్యావహారికరూపాలను పరిష్కర్తలు వ్యాకరణానుసారంగా దిద్దడాన్ని తప్పుపట్టాడు. ఉన్నదానిని ఉన్నట్లు చూపాలనే ఆ సూత్రమే అరసున్నకూ వర్తిస్తుంది. పాఠాన్ని వ్యాకరణం మార్చడం తగనప్పుడు, కీబోర్డు మార్చడం అంతకంటె తగదు.

రెండవ ఆక్షేపణ తాళపత్రాలనుంచి వస్తుంది. లేఖకులు అరసున్నను క్రమంగా గుర్తించినవారు కారు. అనేకచోట్ల నిండుసున్న పెట్టారు, లేదా ఏమీ పెట్టలేదు. ముద్రితగ్రంథాల్లోని అరసున్నల్లో అధికభాగం ముద్రణయుగపు పండితులు లక్షణాన్ని అనుసరించి పెట్టినవే. అట్లాంటప్పుడు వాటిని పోగొట్టుకొంటే పోయిందేమిటి? ఈ ఆక్షేపణ ఈ వ్యాసంలోని ప్రతిపాదనను బలపరుస్తుందేగాని ఖండించదు. లేని చిహ్నాన్ని చెప్పకుండా చేర్చడం, ఉన్నదానిని చెప్పకుండా తీసివేయడం ఒకే జాతికి చెందిన దోషాలు. ముద్రణయుగ పరిష్కర్తకు మాత్రం ఒక అదనపు గౌరవం దక్కుతుంది: అతడు తెలిసి, ఒక సిద్ధాంతం ప్రకారం చేర్చాడు. ఆ సిద్ధాంతంతో విభేదించవచ్చు, వాదించవచ్చు. కీబోర్డువల్ల జరిగిన లోపంతో వాదించడానికి ఎదుట సిద్ధాంతమే లేదు.

మూడవ ఆక్షేపణ మరింత సూక్ష్మమైనది. ఏ ప్రతిలేఖనంలోనైనా కొంత పోవడం అనివార్యం. తాటాకుమీది గంటపు గీత వంపు, పంక్తి విరుపు, అక్షరపు పాతరూపం ముద్రణలోకి రావు. ఇవన్నీ ప్రకటించవలసి వస్తే పీఠికకు అంతుండదు. గీత ఎక్కడ గీయాలి? మూలంలో వేరువేరుగా ఉన్న రెండింటిని ఒకటి చేసే లోపాన్ని తప్పక చెప్పాలి. వేర్పాటును చెడగొట్టని మార్పును చెప్పనక్కరలేదు. తలకట్టు ఆకారం మారినా ‘క’ ‘క’గానే ఉంటుంది. ఱకారం రకారమైతే రెండు అక్షరాలు ఒకటవుతాయి. ‘చాప’ అనే తెలుగు మాటలోనిది దంత్యచకారం, ‘చాపం’ అనే సంస్కృతశబ్దంలోనిది తాలవ్యచకారం. మూలగ్రంథం ఈ భేదాన్ని గుర్తుతో చూపి ఉంటే దానిని చెరపడం ప్రకటించవలసిన మార్పు. మూలంలోనే గుర్తు లేకపోతే ప్రకటించవలసిందేమీ లేదు.

7. శక్తి, విధి

చేయలేనిదానిని చేయలేదని ఎవరినీ తప్పుపట్టకూడదు. దంత్య చ-జలకు, అవగ్రహానికి యూనికోడ్‌లో తెలుగు స్థానాలు 2008లో వచ్చాయి. పూర్వం ధాన్యం కొలతల్లో, లెక్కల్లో వాడిన భిన్నాల గుర్తులకూ, తూము గుర్తుకూ అదే సంవత్సరం స్థానం లభించింది. ప్రాచీన శాసనాల్లో కనిపించే ‘ఴ’ 2014లో, నకారపొల్లు 2021లో చేరాయి. అంతకుముందు శాసనపాఠాన్ని ఎక్కించినవారు ‘ఴ’ స్థానంలో ‘ళ’ను గానీ, ‘డ’ను గానీ ఉంచి ఉంటే దానిని నిర్లక్ష్యమనడానికి వీల్లేదు. స్థానం లభించిన తరువాత కూడా ఫాంటులో ఆకృతి లేకపోతే తెరమీద ఖాళీ గడి కనిపిస్తుంది. పరికరాలకు పరిమితి ఉంటుంది. పరిమితికి లోబడి పనిచేయడం దోషం కాదు.

అయితే శక్తి పెరిగినకొద్దీ విధీ పెరుగుతుంది. 2000 సంవత్సరంలో క్షమించదగిన ప్రతినిధానం నేడు అదే పరిష్కర్త, అదే గ్రంథాన్ని పునర్ముద్రించేటప్పుడు క్షమించదగినది కాకపోవచ్చు. పాత ఫైలును తిరిగి వాడుకొనేటప్పుడు అందులో ఏ చిహ్నం ఏ బదులుగుర్తుతో నిలిచి ఉన్నదో తెలుసుకోవడం పునర్ముద్రణ బాధ్యతలో భాగం.

ఈ విచారణనుంచి పరిష్కర్త పాటించదగిన క్రమం ఏర్పడుతుంది. పని మొదలుపెట్టకముందే ఏ చిహ్నాలను నిలపాలో, వేటిని విడవాలో నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయాన్ని టైపు చేసేవారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. అదనపు శ్రమకు అదనపు వేతనం ఏర్పాటు చేయాలి. చిహ్నాన్ని నిలిపితే గ్రంథమంతటా నిలపాలి, విడిస్తే గ్రంథమంతటా విడవాలి. బదులుగుర్తు వాడక తప్పకపోతే మరెక్కడా రాని గుర్తును ఎంచుకొని, దాని అర్థాన్ని తెలపాలి. చివరగా, ఈ నిర్ణయాలన్నీ పీఠికలో ప్రకటించాలి. పరిశోధక విద్యార్థుల సిద్ధాంతవ్యాసాల విషయంలో ఇదే బాధ్యత పర్యవేక్షకుడిపై ఉంటుంది. ఉదాహరించిన పద్యాన్ని ఏ ముద్రణనుంచి గ్రహించారో చెప్పడం ఎంత అవసరమో, ఆ పద్యంలోని చిహ్నాలను ఎట్లా ఎక్కించారో చెప్పడమూ అంతే అవసరం.

8. ముగింపు

శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి కోశాల్లో అరసున్న ఉన్న పదం, లేని పదం వేరువేరు ఆరోపాలుగా నిలిచి ఉన్నాయి. ఒక్కొక్క ఆరోపం వెనుక ఎందరో పండితులు ప్రతులు చూసి చేసిన నిర్ణయం ఉన్నది. ఆ నిర్ణయాల్లో కొన్ని తప్పు కావచ్చు. తప్పని నిరూపించడానికైనా అవి కనిపిస్తూ ఉండాలి. ఎవరూ నిర్ణయించకుండానే చెరిగిపోయిన భేదం తిరిగి విచారణకు రాదు.

వర్డ్ ప్రాసెసర్ పరిష్కర్తకు ఇచ్చిన వెసులుబాటు చాలా గొప్పది. ఆ వెసులుబాటుతోపాటు అది సులువైన దారి వైపు చేతిని మెల్లగా లాగుతుంది. ఆ లాగుడుకు లొంగడం మానవసహజం. కొన్ని సందర్భాల్లో వివేకవంతం కూడా. లొంగిన సంగతి పాఠకుడికి చెప్పడమే పరిష్కర్త స్వతంత్రుడనడానికి, అంటే కర్త అనడానికి, మిగిలే నిదర్శనం. ‘ఈ ముద్రణలో అరసున్నలను, శకటరేఫలను విడిచినాము’ అని పీఠికలో ఒక వాక్యం రాయడానికి అరసున్న అక్కరలేదు, శకటరేఫ అక్కరలేదు. అందులోని అక్షరాలన్నీ ప్రతి తెలుగు కీబోర్డు మీదా ఉన్నాయి. కాబట్టి చిహ్నం లేకపోవడానికి యంత్రాన్ని కారణంగా చూపవచ్చునేమో గాని, ఆ వాక్యం లేకపోవడానికి చూపడం సాధ్యం కాదు.